హషిమోటో, గ్రేవ్స్ ఉన్నవాళ్లు ఇన్‌ఫ్రారెడ్ సౌనాలో కూర్చోవాలంటే: విశాఖ ఉక్కకు తగిన పద్ధతి

విశాఖలో ఇన్‌ఫ్రారెడ్ సౌనా (వేడి పలకలు బిగించిన చెక్క పెట్టెలో కూర్చుని చెమట పట్టించుకోవడం) మాట ఎత్తితే ముందు వచ్చే ఎత్తిపొడుపు ఒకటే: మే నెల మధ్యాహ్నం జగదాంబ జంక్షన్‌లో పది నిమిషాలు నిలబడితే ఊరికే దొరికేదానికి డబ్బులెందుకు? నవ్వులాటకే అన్నా, థైరాయిడ్ ఉన్నవాళ్లు ఆ మాటను కాస్త పట్టించుకోవాలి. చలిదేశాల వాళ్లు రాసిపెట్టిన సౌనా సూచనలు మన ఊళ్లో ఉన్నవి ఉన్నట్టు పనికిరావు. అక్కడ పెట్టెలోంచి బయటకొస్తే ఒళ్లు ఇట్టే చల్లబడుతుంది. ఇక్కడ బయటకొచ్చాక కూడా చెమట ఆరదు. దానికితోడు హషిమోటో, గ్రేవ్స్ అనే థైరాయిడ్ జబ్బుల్లో ఒంటి వేడిని సర్దే యంత్రాంగమే కాస్త తప్పి ఉంటుంది. అందుకే ఇక్కడ చెప్పే కొలతలన్నీ మామూలు సౌనా కొలతలకంటే తక్కువ. ఎంత వేడి, ఎంతసేపు అన్నది పెట్టె మీది డిస్‌ప్లే చూసి కాకుండా మీ పల్స్, మీ రిపోర్టు చూసి తేల్చుకోవాలి.

సౌనా థైరాయిడ్‌కు వైద్యం కాదు

హషిమోటో అయినా గ్రేవ్స్ అయినా మన రక్షణ వ్యవస్థ మెడలోని మన థైరాయిడ్ గ్రంథి మీదే తిరగబడటం వల్ల వచ్చేది. హషిమోటోలో గ్రంథి మెల్లగా దెబ్బతిని హార్మోన్ తగ్గుతుంది. గ్రేవ్స్‌లో యాంటీబాడీలు గ్రంథిని ఆగకుండా ఉసిగొల్పి హార్మోన్‌ను పొంగిస్తాయి. సౌనా వేడి ఈ రెండింటిలో దేన్నీ ఆపదు. యాంటీ టీపీఓ (గ్రంథి మీద దాడిచేసే యాంటీబాడీల పరీక్ష) అంకె దించుతాం, మాత్రలు మానిపిస్తాం అంటూ పది సిట్టింగుల ప్యాకేజీ ఎవరైనా అమ్మజూపితే అక్కడినుంచి లేచి వచ్చేయండి.

ఇలాంటి ప్రచారానికి ఊతమిచ్చే సంగతి ఒకటుంది. బ్రెజిల్‌లో హషిమోటో ఉన్నవాళ్ల మెడ మీద 830 నానోమీటర్ల లేజర్ వేసి కొన్ని పరిశోధనలు చేశారు. అది నియర్ ఇన్‌ఫ్రారెడ్ లేజర్, గ్రంథికే గురిపెట్టి, లెక్కకట్టిన మోతాదులో వేసేది. సౌనా పెట్టెలో ఉండేవి ఎక్కువగా ఫార్ ఇన్‌ఫ్రారెడ్ ప్యానెళ్లు. 3 మైక్రోమీటర్లు దాటిన ఆ తరంగాలు చర్మం పైపొరలోనే, మిల్లీమీటరు కూడా దిగకుండానే ఇంకిపోతాయి. లోపలికి చేరేదల్లా రక్తం మోసుకెళ్లిన వేడి. రెంటికీ పేరులో ఇన్‌ఫ్రారెడ్ ఉంది కదా అని ఒకదాని ఫలితం ఇంకొకదానికి అంటగట్టడం కుదరదు.

మరి ఎందుకు కూర్చోవడం? ఒళ్లు నొప్పులు, పొద్దున్నే కీళ్ల బిగుతు కాసేపు సడలుతాయి. కొందరికి ఆ రాత్రి నిద్ర బాగా పడుతుంది. అంతవరకు ఆశిస్తే సౌనా మంచిదే. బరువు మాత్రం తగ్గరు. దిగగానే తూకంలో తగ్గేది నీరు, రాత్రి భోజనానికల్లా తిరిగొస్తుంది.

ముందు రిపోర్టు చూసుకోండి

వరసగా రెండు టీఎస్‌హెచ్ (థైరాయిడ్‌ను పనిచేయించే హార్మోన్; మాత్ర చాలకపోతే పెరుగుతుంది, మించితే తగ్గుతుంది) పరీక్షలు, మధ్యలో కనీసం 6 నుంచి 8 వారాల ఎడంతో, మీ డాక్టరు అనుకున్న పరిధిలో ఉండాలి. ఆ ఎడం ఎందుకంటే హార్మోన్ తక్కువైనవాళ్లు వేసుకునే థైరాయిడ్ మాత్ర లీవోథైరాక్సిన్ రక్తంలో సగానికి తగ్గడానికే దాదాపు వారం పడుతుంది. మోతాదు మార్చిన ప్రభావం టీఎస్‌హెచ్‌లో పూర్తిగా తేలేసరికి నెలన్నర. ఈ మధ్యనే 50 మైక్రోగ్రాముల నుంచి 75కి మారి ఉంటే ఆ నెలన్నర సౌనా మాట మరచిపోండి. లేకపోతే దడ వచ్చినప్పుడు అది కొత్త మోతాదు వల్లనో వేడి వల్లనో మీకూ తెలియదు, డాక్టరుకూ తెలియదు.

హార్మోన్ ఎక్కువగా ఉన్నప్పుడు, అంటే అదుపులోకి రాని గ్రేవ్స్, హషిమోటో తొలి రోజుల్లో గ్రంథి చితికి హార్మోన్ ఒక్కసారిగా కారే దశ, మాత్ర మోతాదు మించి టీఎస్‌హెచ్ అడుగంటిన స్థితి, ఈ మూడింటిలో ఏదున్నా లోపలికి అడుగు పెట్టొద్దు. అప్పటికే ఒళ్లు లోపలినుంచి కాగుతూ ఉంటుంది, గుండె పరుగెడుతూ ఉంటుంది. బయటినుంచి ఇంకో పొయ్యి వెలిగిస్తే గుండె లయ తప్పడం దాకా పోవచ్చు.

హార్మోన్ బాగా తక్కువగా ఉన్నప్పటి ముప్పు వేరు, అది పైకి కనిపించదు. ఒళ్లు ఎప్పుడూ చల్లగా ఉంటుంది కాబట్టి వేడి హాయిగానే తోస్తుంది. కానీ చర్మం పొడిబారి చెమట సరిగా పట్టదు. చెమట లేకపోతే వేడి దిగే దారే లేదు. పక్కవాళ్లు ధారలుగా కారుతుంటే మీ నుదురు పొడిగా ఉంటే, అది మీ ఓర్పుకు గుర్తు అనుకోవద్దు, దిగిపోవడానికి గుర్తు. పైగా తీవ్రమైన హైపోథైరాయిడ్‌లో మూత్రపిండాలు అదనపు నీటిని తేలిగ్గా వదలలేవు. అలాంటివాళ్లు సౌనా తర్వాత లీటర్లకొద్దీ ఉత్త నీళ్లు తాగితే రక్తంలో సోడియం పడిపోయి తలనొప్పి, వాంతులు, మగతలోకి జారడం జరగవచ్చు. "బాగా నీళ్లు తాగండి" అని ప్రతి స్పాలో చెప్పే సలహా వీళ్లకు అందుకే సరిపడదు.

థైరాయిడ్‌తో పాటు ఇంకో ఆటోఇమ్యూన్ జబ్బు ఉండటం అరుదేమీ కాదు. అడ్రినల్ గ్రంథి దెబ్బతినే అడిసన్స్ ఉంటే ఎండోక్రైనాలజిస్టు రాతపూర్వకంగా ఒప్పుకోకుండా సౌనా వద్దే వద్దు. ఉందో లేదో తెలియనివాళ్లు ఈ గుర్తులు చూసుకోండి: లేచి నిలబడగానే కళ్లు బైర్లు కమ్మడం, ఉప్పు కోసం నాలుక పీకడం, అరచేతి గీతలు, చిగుళ్లు నల్లబడటం, కారణం లేకుండా బరువు తగ్గడం. ఇవి కనిపిస్తే సౌనా సంగతి తర్వాత, ముందు కార్టిసాల్ (అడ్రినల్ గ్రంథి హార్మోన్) పరీక్ష గురించి డాక్టరును అడగండి. మల్టిపుల్ స్క్లెరోసిస్ ఉన్నవాళ్లకు వేడి తగిలితే చూపు, నడక తాత్కాలికంగా మందగిస్తాయి. టైప్ 1 షుగరు ఉంటే వేడికి ఇన్సులిన్ ఒంట్లోకి తొందరగా ఎక్కి షుగరు పడిపోతుంది.

గర్భిణులు వద్దు, ముఖ్యంగా మొదటి మూడు నెలలు. ఒంటి లోపలి వేడి 39 డిగ్రీలు దాటడం బిడ్డ వెన్ను, మెదడు ఏర్పాటుకు చేటు. గర్భం కోసం ప్రయత్నిస్తున్న నెలల్లో భర్త కూడా మానుకోవడం మేలు, వేడికి వీర్యకణాల సంఖ్య తగ్గుతుంది. గ్రేవ్స్ వైద్యానికి రేడియో అయోడిన్ (రేడియోధార్మిక అయోడిన్) తీసుకున్నవాళ్లు న్యూక్లియర్ మెడిసిన్ విభాగం చెప్పిన గడువు తీరేదాకా నలుగురూ వాడే క్యాబిన్‌లో కూర్చోకూడదు, చెమటలో కూడా ఆ అయోడిన్ బయటకొస్తుంది. జ్వరం, విరేచనాలు, తాగి ఉండటం, గుండెపోటు వచ్చి కొద్ది రోజులే కావడం: వీటికి వివరణ అక్కర్లేదు.

డాక్టరును ఏమని అడగాలి

"సౌనాకు వెళ్లొచ్చా?" అని అడిగితే "ఎందుకమ్మా అవన్నీ" అన్న జవాబే వస్తుంది. కేజీహెచ్ ఓపీ క్యూలోనైనా రామ్‌నగర్ క్లినిక్‌లోనైనా మీకు దొరికేది మూడు నాలుగు నిమిషాలు. కాగితం మీద రాసుకుని అడగండి: "50 డిగ్రీల దగ్గర పదిహేను నిమిషాలు, వారానికి రెండుసార్లు కూర్చోవాలనుకుంటున్నాను. నా గుండె, బీపీ, సోడియం, హిమోగ్లోబిన్ దానికి తట్టుకుంటాయా? నేను వాడే మందుల్లో వేడికి పడనివి ఏమైనా ఉన్నాయా?" హిమోగ్లోబిన్ ఎందుకంటే, హైపోథైరాయిడ్‌లో నెలసరి ఎక్కువై రక్తం తగ్గిన ఆడవాళ్లు చాలామంది. సౌనాలో కళ్లు తిరగడానికి అదొక్కటే చాలు.

మందుల్లో జాగ్రత్తగా చూడాల్సింది ప్రొప్రనొలాల్. గ్రేవ్స్ దడకు ఇస్తారు. అది గుండె వేగాన్ని బిగబట్టి ఉంచుతుంది కాబట్టి వేడి ఎంత ఎక్కినా పల్స్ అంతగా పెరగదు. పల్స్ చూసి దిగిపోవాలన్న కింది నియమం మీకు పనిచేయదు. మీరు గడియారాన్నే నమ్మాలి, సమయం కూడా సగానికి తగ్గించాలి. గ్రేవ్స్‌లో హార్మోన్ తగ్గించే కార్బిమజోల్ వాడేవాళ్లకు ఇంకో జాగ్రత్త: గొంతునొప్పి, జ్వరం వస్తే "నిన్న సౌనాలో వేడి చేసింది" అని సరిపెట్టుకోవద్దు. ఆ మందు అరుదుగా తెల్ల రక్తకణాలను ఒక్కసారిగా పడగొడుతుంది. మాత్ర ఆపి అదే రోజు రక్తపరీక్ష చేయించాలి. మూత్రం పోయించే బీపీ మాత్రలు, కొన్ని డిప్రెషన్ మందులు, అలర్జీ మాత్రలు కూడా వేడిని తట్టుకునే శక్తిని తగ్గిస్తాయి. ఒంటికి అంటించుకునే మందు ప్యాచ్ ఏదున్నా వేడికి మందు మోతాదు మించి లోపలికి పోతుంది.

ఎక్కడ కూర్చోవాలి

మన ఊరి స్పాల్లో, జిమ్ముల్లో సౌనా అన్న పేరుతో మూడు రకాలు నడుస్తున్నాయి. డబ్బు కట్టేముందు తలుపు తెరిపించి చూడండి. రాళ్ల పొయ్యి ఉంటే అది ఫిన్లాండ్ రకం, 70 నుంచి 100 డిగ్రీలు. టైల్స్ గది, పొగలాంటి ఆవిరి ఉంటే అది స్టీమ్ బాత్. అంకె 45 డిగ్రీలే చూపినా గాలి నిండా తేమ కాబట్టి చెమట ఆరదు, థైరాయిడ్ వాళ్లకు మూడింటిలో ఇదే కష్టమైనది. చెక్క గోడలకు నల్లటి పలకలు బిగించి, గాలి పొడిగా, 45 నుంచి 60 డిగ్రీల మధ్య ఉండేది ఇన్‌ఫ్రారెడ్. ఎర్రగా వెలిగే బల్బులుంటే అవి నియర్ ఇన్‌ఫ్రారెడ్ దీపాలు. వాటి వంక కళ్లార్పకుండా చూడొద్దు. గ్రేవ్స్ వల్ల కళ్లు ఉబ్బి, రెప్ప పూర్తిగా మూతపడనివాళ్లు ఆ దీపాల క్యాబిన్ మానేయాలి. ప్యానెల్ క్యాబిన్‌లో కూడా కంటి చుక్కలు వేసుకుని, తడిగుడ్డ కళ్ల మీద కప్పుకోవాలి.

సౌనా బ్లాంకెట్ అని ఆన్‌లైన్‌లో దొరికే జిప్పు దుప్పటి చవకే గానీ మాకు దాని మీద మంచి అభిప్రాయం లేదు. కళ్లు తిరిగినప్పుడు క్యాబిన్‌లోనైతే తలుపు తోస్తే చాలు. దుప్పటిలో చేతులు కూడా లోపలే ఉంటాయి, జిప్పు వెతుక్కోవాలి. వేడి పలక చర్మానికి ఆనుకునే ఉంటుంది కాబట్టి స్పర్శ మందగించినవాళ్లకు కాలినా తెలియదు.

డిస్‌ప్లే అంకెను నమ్మకండి. దాని సెన్సర్ చాలా క్యాబిన్లలో పైకప్పు దగ్గర ఉంటుంది. మీ భుజం దగ్గర వేడి వేరు. తేమ కూడా చూపే చిన్న డిజిటల్ థర్మామీటరు కొనుక్కుని, కూర్చున్నప్పుడు భుజం ఎత్తులో పెట్టుకోండి. కింద చెప్పే డిగ్రీలన్నీ ఆ చోటివే.

ఇంట్లో పెట్టించుకునేవాళ్లకు కొన్ని మాటలు. ఇద్దరు పట్టే క్యాబిన్ 1.6 నుంచి 2.2 కిలోవాట్లు లాగుతుంది. 230 వోల్టుల దగ్గర 1.8 కిలోవాట్లంటే దాదాపు 8 ఆంపియర్లు. ఏసీకి పెట్టినట్టు విడిగా 16 ఆంపియర్ల పాయింటు, సరైన ఎర్తింగ్, 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సరఫరా ఆపే స్విచ్చు) ఉండాలి. ఎక్స్‌టెన్షన్ బోర్డు వద్దు, ప్లగ్గు కాగి ప్లాస్టిక్ కరుగుతుంది. పాత అపార్ట్‌మెంట్లలో ఏసీ, గీజరుతో పాటు ఇదీ వేస్తే ట్రిప్ అవుతుంది. ఈపీడీసీఎల్ బిల్లు మీద మీ మంజూరు లోడ్ ఎంతుందో చూసుకోండి. అమెరికా నుంచి బంధువులు పంపిన క్యాబిన్ 120 వోల్టులది అయి ఉంటుంది, మన కరెంటుకు పెడితే కాలిపోతుంది. బీచ్ రోడ్డు, ఎంవీపీ కాలనీ, రుషికొండ వైపు ఉప్పుగాలికి స్క్రూలు, వైరు కొసలు తుప్పుపడతాయి. మూడు నెలలకోసారి ఎలక్ట్రీషియన్‌తో టెర్మినళ్లు బిగింపించండి. కొత్త క్యాబిన్‌ను తలుపు తీసిపెట్టి రెండు గంటలు ఖాళీగా కాగనివ్వండి, జిగురు వాసన పోవాలి. వాడాక బెంచి తుడిచి తలుపు తెరిచి ఉంచకపోతే మన తేమకు వారంలో బూజు పడుతుంది. రాళ్ల సౌనా అలవాటున్నవాళ్లు ప్యానెల్ మీద నీళ్లు చల్లుతుంటారు. అది కరెంటు వస్తువని గుర్తుంచుకోండి.

రోజులో ఏ వేళ

మాత్ర పరగడుపున వేసుకుని అరగంట నుంచి గంట ఆగి టిఫిను తినేవాళ్లకు పొద్దుటి సౌనా పొసగదు. ఖాళీ కడుపుతో వేడిలో కూర్చుంటే కళ్లు తిరుగుతాయి. చెమట పోయాక మజ్జిగ తాగాలనిపిస్తుంది, అది మాత్రకు దగ్గర పడితే పాలలోని కాల్షియం మందును ఒంటికి పట్టనివ్వదు. అరకు కాఫీ అయినా సరే, మాత్ర తర్వాత గంట ఆగాల్సిందే. కాల్షియం, ఐరన్ మాత్రలకు నాలుగు గంటల ఎడం. కాబట్టి మనవాళ్లకు కుదిరే వేళ సాయంత్రం: నాలుగింటికి రెండు ఇడ్లీలో, ఒక అరటిపండో తిని, ఐదున్నర, ఆరింటికి సౌనా. నిద్రకు కనీసం రెండు గంటల ముందు ముగియాలి.

కార్తీక సోమవారమో, ఏకాదశో, రంజానో, ఉపవాసం ఉన్న రోజు మానేయండి. స్టీల్ ప్లాంటులో కోక్ ఓవెన్ల దగ్గరో, బ్లాస్ట్ ఫర్నేస్ దగ్గరో షిఫ్టు చేసి వచ్చిన రోజు కూడా. ఆ ఎనిమిది గంటల్లో ఒంటికి కావలసినంత వేడి తగిలింది. మేలో పగలు 34, 35 డిగ్రీలు, తేమ 70 శాతం పైన ఉండే రోజుల్లో వారానికి ఒకసారికి మించొద్దు. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకానే మొదలుపెట్టడానికి మంచి కాలం.

మాత్రల సీసా ఉన్న బ్యాగును సౌనా గది కొక్కేనికి తగిలించకండి, ఎండలో నిలిపిన కారు డ్యాష్‌బోర్డులో పెట్టకండి. లీవోథైరాక్సిన్ వేడికి, తేమకు, వెలుతురుకు బలం కోల్పోతుంది. చూడటానికి మాత్ర మామూలుగానే ఉంటుంది, టీఎస్‌హెచ్ ఎందుకు పెరిగిందో అర్థం కాదు.

మొదటి రోజు

తోడుగా ఒకరు తలుపు బయట ఉండాలి, ఫోను చూస్తూ హాల్లో కాకుండా మీరు పిలిస్తే వినబడే దూరంలో. వెళ్లేముందు పల్స్ చూసుకోండి. కోవిడ్ రోజుల్లో కొన్న ఆక్సీమీటరు చాలా ఇళ్లలో అల్మరాలో పడి ఉంటుంది, దానికిప్పుడు పని దొరికింది. బయట ఐదు నిమిషాలు ఊరికే కూర్చున్నాక 90 దాటి ఉంటే ఆ రోజు వద్దు. లోపలికి దిగేముందు ఒక గ్లాసు నీళ్లు, సుమారు 250 మి.లీ., తాగండి. ఒక గ్లాసు నీళ్లు, సుమారు 250 మి.లీ., తాగండి.

బంగారం తీసేయాలి. గొలుసు, గాజులు ఆ వేడికి కాగి చర్మం మీద ఎర్రటి చార పడుతుంది. మంగళసూత్రం తీయడం ఇష్టం లేనివాళ్లు ఆ అరగంటకు పసుపుతాడులో సూత్రాలు గుచ్చుకుని, వాటిని తడిపిన నూలు గుడ్డలో చుట్టి ఉంచుకుంటే సరిపోతుంది. నల్లపూసల గొలుసులోనూ బంగారు తీగ ఉంటుంది, మరచిపోకండి. ఒంటికి కొబ్బరినూనె రాసుకుని వెళ్లొద్దు. బెంచి మీద మందపాటి తువ్వాలు పరిచి, నూలు బట్టలతో కూర్చోండి. మెడకు తడి తువ్వాలు చుట్టుకుంటే చల్లగా ఉంటుంది. అది గ్రంథిని కిరణాల నుంచి కాపాడుతుందని కాదు, హాయిగా ఉంటుందని మాత్రమే.

క్యాబిన్‌ను 40 నుంచి 43 డిగ్రీలకు కాగనిచ్చి లోపలికి వెళ్లండి. మొదటి రోజు 8 నిమిషాలు, బయటివాళ్ల ఫోనులో అలారం. వీపు పలకకు ఆనించకుండా నిటారుగా కూర్చోండి, పడుకోవద్దు. నిద్రపోయే ప్రమాదం అక్కడే. నాలుగో నిమిషంలో, ఎనిమిదో నిమిషంలో ఆక్సీమీటరు పెట్టి పల్స్ చూడండి. మొదట చూసినదానికంటే 30 పెరిగినా, లేదా 120 తాకినా దిగిపోవాలి. ఇది వేడెక్కిన గుండెకు మేం గీసిన జాగ్రత్త గీత, మీ డాక్టరు ఇంకా తక్కువ చెబితే అదే పాటించండి. కళ్లు తిరగడం, కడుపులో తిప్పడం, దడ, గుండె ఒక కొట్టుకోలు తప్పినట్టుండటం, తలలో నొక్కు, చెమట ఉన్నట్టుండి ఆగడం: ఏ ఒక్కటి కనిపించినా అలారం కోసం చూడొద్దు.

దిగాక

విశాఖలో ఎక్కువ పొరపాట్లు జరిగేది ఇక్కడే. పెట్టెలోంచి వచ్చాక కూడా కొన్ని నిమిషాలు ఒంటి లోపలి వేడి తగ్గదు, చర్మంలో నిలిచిన వేడి లోపలికి చేరుతూ ఉంటుంది. చలిదేశంలో బయటి పొడిగాలికి చెమట ఆరి అది ఇట్టే దిగుతుంది. మన సాయంత్రం గాలిలో తేమ 80 శాతం ఉంటే చెమట కారుతుందే గానీ ఆరదు. అంటే మీరు దిగిపోయాక కూడా ఒళ్లు ఇంకాసేపు వేడిలో ఉన్నట్టే. అందుకే దిగిన చోట ఫ్యాను తప్పనిసరి. ఏసీ ఉంటే 26 దగ్గర పెట్టి ఫ్యాను వేయండి. 18లో పెట్టి ఎదురుగా నిలబడితే చర్మంలోని రక్తనాళాలు ఒక్కసారిగా ముడుచుకుని బీపీ ఎగురుతుంది. చన్నీళ్లు నెత్తిన గుమ్మరించుకోవడం కూడా అంతే. పదిహేను నిమిషాల తర్వాత గోరువెచ్చని నీళ్లతో స్నానం చేయండి.

లేచేటప్పుడు తొందరపడొద్దు. తలుపు తెరిచి, బెంచి మీదే అర నిమిషం కూర్చుని, పిక్కలు నాలుగైదుసార్లు బిగించి వదిలి, గోడ పట్టుకుని లేవండి. వేడికి రక్తమంతా చర్మంలోకి, కాళ్లలోకి దిగి ఉంటుంది. గభాలున నిలబడితే మెదడుకు అందదు.

తడి తుడుచుకుని మళ్లీ తూకం చూడండి. 300 గ్రాములు తగ్గితే 300 మి.లీ. పోయినట్టు. 350 నుంచి 400 మి.లీ. గంటలో కొద్దికొద్దిగా తాగండి, అంతకు మించొద్దు. పలుచని మజ్జిగలో చిటికెడు ఉప్పు, నిమ్మరసం వేసుకుంటే మంచిది. కాల్షియం సంగతి చెప్పుకున్నాం, సాయంత్రమైతే ఇబ్బంది లేదు. కొబ్బరిబొండాం కూడా బాగుంటుంది గానీ మూత్రపిండాల జబ్బు ఉన్నవాళ్లు, పొటాషియం నిలిపే బీపీ మందులు వాడేవాళ్లు దాని జోలికి పోవద్దు. ఉప్పు అయోడైజ్‌డే వాడండి. చెమటలో కాస్త అయోడిన్ పోతుంది కదా అని కెల్ప్ (సముద్రపు నాచు) మాత్రలు, అయోడిన్ చుక్కలు వేసుకునేవాళ్లున్నారు. అయోడిన్ మించితే హషిమోటో ముదురుతుంది. రోజూ కూరలో వేసే ఉప్పే సరిపోతుంది.

వారాలు గడిచేకొద్దీ

మొదటి రెండు వారాలు వారానికి ఒకసారి, అవే 8 నిమిషాలు. మర్నాడు ఒళ్లు బరువుగా, మామూలుకంటే అలసటగా లేకపోతేనే 2 నిమిషాలు పెంచండి. వేడి, సమయం రెండూ ఒకే వారంలో పెంచొద్దు. ఒక వారం నిమిషాలు, ఇంకో వారం 2, 3 డిగ్రీలు. 50 డిగ్రీలు, 15 నిమిషాలు, వారానికి రెండుసార్లు: చాలామందికి అక్కడ ఆగిపోవడమే మంచిది. 20 నిమిషాలు పై హద్దు. జపాన్‌లోని కగోషిమాలో గుండె వైఫల్యం ఉన్నవాళ్లకు వాఒన్ థెరపీ అని ఇలాంటి వేడినే ఇస్తారు. అక్కడ 60 డిగ్రీలు, డాక్టర్లు పక్కనే. అయినా 15 నిమిషాలే, ఆ తర్వాత అరగంట విశ్రాంతి. 45 నిమిషాల సెషన్ అమ్మే స్పా వాళ్లకు ఈ సంగతి చెప్పండి.

తేడా వచ్చినప్పుడు

మర్నాడంతా నీరసం, తలనొప్పి ఉంటే ఉప్పు చాలలేదనో, సమయం ఎక్కువైందనో అర్థం. పాత సమయానికి వెనక్కి వెళ్లండి. మెడ మీద, మోచేతి మడతల్లో చెమటకాయలు వస్తే వారం ఆపండి. లోపల కూర్చోగానే చిన్న చిన్న దద్దుర్లు లేచి దురద పెడితే అది వేరు. దద్దుర్ల జబ్బు ఆటోఇమ్యూన్ థైరాయిడ్‌తో కలిసి రావడం మామూలే, వేడి దాన్ని రెచ్చగొడుతుంది. పెదవులు వాచినా, ఊపిరి బిగిసినా వెంటనే ఆసుపత్రికి. రాత్రి పడుకున్నాక దడ తగ్గకపోతే సౌనా ఆపి, తర్వాతి టీఎస్‌హెచ్ గడువు దాకా ఆగకుండా పరీక్ష చేయించండి.

మాట తడబడటం, పొంతన లేని జవాబులు, ఒళ్లు కాలిపోతూ ఉండటం వడదెబ్బ గుర్తులు. 108కి ఫోను చేసి, బండి వచ్చేదాకా చూస్తూ కూర్చోకుండా బట్టలు వదులు చేసి, ఒళ్లంతా నీళ్లు పోస్తూ ఫ్యాను గట్టిగా వేయండి. చంకలు, గజ్జలు, మెడ దగ్గర తడిగుడ్డలు పెట్టండి. స్పృహ సరిగా లేనప్పుడు నోట్లో నీళ్లు పోయొద్దు.

తర్వాతి రక్తపరీక్ష

సౌనా మొదలుపెట్టిన రెండు నెలలకు టీఎస్‌హెచ్ చూపించుకోండి. పరీక్షకు ముందు రోజు, ఆ ఉదయం సౌనా వద్దు. నీరు తగ్గిన ఒంటితో రక్తమిస్తే హిమోగ్లోబిన్ లాంటి అంకెలు ఉన్నదానికంటే పైకి కనిపిస్తాయి. జుట్టు రాలుతోందని బయోటిన్ అనే విటమిన్ వేసుకుంటుంటే కనీసం రెండు రోజుల ముందు ఆపి, ల్యాబులో ఆ మాట చెప్పండి. చాలా ల్యాబు పద్ధతుల్లో బయోటిన్ వల్ల టీఎస్‌హెచ్ ఉన్నదానికంటే తక్కువగా, టీ4 (థైరాయిడ్ హార్మోన్) ఎక్కువగా వస్తుంది. హషిమోటో మనిషి రిపోర్టు గ్రేవ్స్‌లా కనబడుతుంది, డాక్టరు మోతాదు తగ్గించేస్తారు. ఆ రోజు థైరాయిడ్ మాత్ర రక్తమిచ్చాకే. డాక్టరు దగ్గరికి సౌనా రాసుకున్న పుస్తకం కూడా తీసుకెళ్లండి: తేదీ, డిగ్రీలు, నిమిషాలు, ముందు పల్స్, తర్వాత పల్స్, తూకం తేడా, మర్నాడు ఎలా ఉంది. ఏడు గళ్లు, ఒక వరస.